దుమ్ము సారు

మా పాపకు రెండు నెలలుగా తుమ్ములు. పొద్దున లేచిందంటే వరసబెట్టి తుమ్మి, ముక్కు ఎర్రగా కందిపోయాక గాని బడికి బయలుదేరదు. కడపలో ఒక పెద్ద ల్యాబులో రక్తం ఇచ్చి వచ్చాం. మూడో రోజు ఫోనులోకి నాలుగు పేజీల రిపోర్టు దిగింది. గోధుమ, ఆవుపాలు, బొద్దింక, పిల్లి వెంట్రుక, మన దేశంలో మొలవనే మొలవని ఏవో చెట్ల పుప్పొడి, అట్లా బారెడు పట్టిక. ఒక్కోదాని పక్కన ఒక అంకె, కొన్నింటి పక్కన ఎర్ర బాణం. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. అయినా ఆ బాణాలు నాకేమీ చెప్పలేదు. రక్తం తీసిన అమ్మాయి మమ్మల్ని అడిగినవి రెండే ప్రశ్నలు: పేరు, వయసు. మీ ఇంట్లో దుమ్ము ఎట్లుంటుందని అడగలేదు. అడగదని తెలుసు. అయినా అడుగుతుందేమోనని ఎదురుచూశాను. అది నా తప్పు కాదు, నన్ను అట్లా చెడగొట్టినాయన కర్నూలులో ఉన్నాడు.

ఆయనకే ఫోను చేశాను. నా ఫోనులో ఆయన పేరు 'దుమ్ము సారు' అనే ఉంటుంది. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి అసలు పేరు తెలియదు, తెలిసినవాళ్ళు వాడరు. ఫోను ఎత్తింది ఆయన భార్య.

"సారుకు ఒక రిపోర్టు చూపిద్దామని..." అన్నాను.



"సారు పోయి ఈ పొద్దుకు ఎనిమిది దినాలప్పా. నీకెవురూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. ఫోను పెట్టేశాను. నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు, కోపం. ఇంత చిన్న విషయం ఆయన్ను అడగకుండా ఎవర్ని అడగాలని కోపం. దుఃఖం ఆ వెనక వచ్చింది.

ఆయన క్లినిక్ కర్నూలు పాతూళ్ళో, ఒక చెప్పుల అంగడి మీద మేడ. సర్కారు ఆస్పత్రిలో డాక్టరుగా రిటైరయ్యాక పెట్టుకున్నాడు. పొద్దున ఎనిమిదింటికి రోగులు మెట్ల మీద బారులు తీరి ఉంటే ఆయన వాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ ఇంకా పైకి, మిద్దె మీదికి పోయేవాడు. అక్కడ నీళ్ళ ట్యాంకు పక్కన ఒక ఇనుప కడ్డీకి చిన్న గాజు పలక బిగించి ఉండేది. దానికి పెదవులు పగిలితే రాసుకునే వ్యాజలైను పూసి పెడతాడు. పగలూ రాత్రీ గాలిలో పోయేదేదో వచ్చి దానికి అంటుకుంటుంది. పాత పలక తీసి, కొత్తది పెట్టి, పాతదాన్ని పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులా పట్టుకొని దిగేవాడు. ఎవరైనా "సార్, శానాసేపటి నుంచి ఉండాం" అని గొణిగితే ఒకటే జవాబు:

"గాలి ఆగదప్పా. మీరాగండి."

ఆ పలకలను సూక్ష్మదర్శినిలో చూసి, ఏ పుప్పొడి ఎంతుందో రోజూ రాసుకొని, ఏళ్ళ తరబడి కూర్చి ఒక పట్టిక తయారుచేశాడు. దాని పేరు 'గాలి పంచాంగం'. అందులో జనవరి, ఫిబ్రవరి అని ఉండదు, కార్తెలుంటాయి. సర్కారు తుమ్మ ఏ కార్తెలో పూస్తుంది, జొన్న ఎప్పుడు పుప్పొడి రాలుస్తుంది, వయ్యారిభామ ఎప్పుడు మనుషుల్ని ఏడిపిస్తుంది, అంతా కార్తెల లెక్క. రైతును ఏ నెలలో దమ్ము, అంటే ఆయాసం, ఎక్కువని అడిగితే తల గోక్కుంటాడు, ఏ కార్తెలోనని అడిగితే ఠక్కున చెబుతాడు. దాన్ని ఒకసారి ఏదో పెద్ద పత్రికకు పంపించాడు. మీ పరికరం ప్రమాణాలకు తగినట్టు లేదని తిప్పి పంపారు.

"మంచి యంత్రం కొనుక్కోమంటాండారప్పా. వ్యాజలైను పనికిరాదంట," అని నవ్వాడు. నవ్వాడే గాని ఆ సాయంత్రం ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తర్వాత దాన్ని జిరాక్సు తీయించి వచ్చినవాళ్ళకల్లా ఊరికే పంచాడు.

మనిషి పొట్టి. జేబులో ఎప్పుడూ రెండుండేవి: ఒక ప్లాస్టిక్ స్కేలు, గుప్పెడు వేయించిన బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు. బుడ్డలు ఒలిచి నోట్లో వేసుకుంటూ, పొట్టు ఒక్కటి కింద పడకుండా కాగితంలో ఊదుకునేవాడు. అన్ని కాలాల్లోనూ పొట్టి చేతుల చొక్కానే. ఎందుకంటే కొత్త మందు ఏది చేసినా ముందు తన ఎడమ చేతి మీద గుచ్చి చూసుకుంటాడు. ఆ చేతి నిండా చుక్కలు. మా ఊరి ముసలామె ఒకామె అది చూసి, "పాపం, సారుకు కూడా గజ్జి ఉండాది," అని జాలిపడింది.

పరీక్ష అంటే ఆయన దగ్గర చేతి మీదే. మోచేతి కింద పెన్నుతో గళ్ళు గీసి, పుప్పొడితోనో దుమ్ముతోనో చేసిన మందు ఒక్కో గడి దగ్గర ఒక్కో చుక్క వేసి, సూది మొనతో పైపైన గుచ్చుతాడు. ఒంటికి సరిపడేదైతే ఏమీ కాదు. సరిపడని సరుకైతే పావుగంటలో దోమ కుట్టినట్టు దద్దురు లేస్తుంది. స్కేలు పెట్టి కొలుస్తాడు. ఆ పావుగంట గోక్కోకూడదు. గోక్కోకుండా ఉండేందుకు మణికట్టు పట్టుకొని కబుర్లు చెబుతాడు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఏదో ఒక జోకు వేసి నవ్వించడం కూడా పరీక్షలో భాగమే. "నవ్వినాంక వినాలప్పా. ఊరికే కూర్చుంటే ఛాతీ మర్యాద నటిస్తాది. నవ్వితే లోపలుండే పిల్లికూత బయటికొస్తాది," అనేవాడు.

కోపమూ తక్కువేం కాదు. పరీక్షకు నాలుగైదు రోజుల ముందు నుంచీ తుమ్ముల మాత్రలు మింగొద్దని చెబుతాడు. మింగి వస్తే దద్దురు లేవదు, పరీక్ష దండగ. అట్లా మింగి వచ్చిన ఒక కాంట్రాక్టరును మెట్ల కింద దాకా తిడుతూ దిగబెట్టి వచ్చాడు. పైకొచ్చి, ఇంకా రొప్పుతూనే, మాతో అన్నాడు: "నోరు అబద్ధమాడితే ఆడనీ. చెయ్యి ఆడదప్పా. మాత్ర మింగించి, ఆ చేతితో కూడా అబద్ధమాడిస్తారే!"

ఆ మాట అన్న రోజు మా అమ్మ నా పక్కనే బెంచీ మీద కూర్చొని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తల వంచుకుంది. ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

మాది కోడుమూరు. నాయన పోయినాక అమ్మ పిండి మిషను నడిపి నన్నూ చెల్లెల్నీ చదివించింది. జొన్నలు, కొర్రలు, సజ్జలు, ఎవరేం తెచ్చినా మరాడించేది. జుట్టూ కనుబొమ్మలూ తెల్లగా చేసుకొని, చుట్టూ అంత రొదలోనూ పాడుతూ ఉండేది. ఆదివారం చర్చిలో కూడా పాట ఎత్తుకునేది అమ్మే. నేను డిగ్రీ ముగించిన ఏడు ఆమెకు దమ్ము మొదలైంది. ఛాతీలో పిల్లికూతలు. పాట రెండో చరణానికి తెగిపోయేది. కొన్నాళ్ళకు చర్చిలో వెనక వరసకు వెళ్ళి కూర్చుంది.

ఇద్దరు డాక్టర్లకు చూపించాం. ఇద్దరూ మిషను సంగతి వినగానే ఒకటే మాట అన్నారు: మిషను మూసెయ్యి. రెండో ఆయన దగ్గరి నుంచి వస్తూ అమ్మ బస్సులో అంది:

"మిషను మూస్తే దమ్ము తగ్గుతాదేమో గానీ, పొయ్యి కూడా ఆరిపోతాది నాయినా. ఇంగ ఏ డాక్టరు దగ్గిరికీ నేను రాను."

చెల్లెలు ఇంటర్ చదువుతోంది. నాకింకా ఉద్యోగం లేదు. ఆమె మాటకు ఎదురు చెప్పే మొహం నాకు లేదు. బతిమాలి బతిమాలి మూడో ఆయన దగ్గరికి తీసుకుపోయాను. ఆ మూడో ఆయనే దుమ్ము సారు.

మొదటి రోజు ఆయన మందు రాయలేదు. ఏం తింటావనీ అడగలేదు.

"ఏ వారం ఎక్కువమ్మా?" అన్నాడు.

"ఆదివారం సార్."

"ఆదివారం కూడా మిషను తిప్పుతావా?"

"లేదు సార్. ఆదివారం ప్రార్థనకు పోతాం. మిషను మూసింటాము."

ఆయన బుడ్డ ఒలుస్తున్నవాడు ఆగిపోయాడు. "మిషను మూసిన దినమే ఎక్కువా?" అని ఇంకోసారి అడిగి, కాగితం మీద 'ఆదివారం' అని రాసి కింద రెండు గీతలు గీశాడు. తర్వాత ఒక కాగితం పొట్లం చేతికిచ్చి, "వచ్చే వారం మీ ఇంటి దుమ్ము గుప్పెడు తీసుకురామ్మా. మంచం కింద ఊడ్చి తేవాల," అన్నాడు.

ఈ దుమ్ము తెమ్మనడమే ఆయన పద్ధతి. ఈ పద్ధతితో ఆయన పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. దుమ్ము తెమ్మంటే మన ఆడవాళ్ళకు ఎంత నామోషీ! నందికొట్కూరు నుంచి వచ్చిన ఒకామె ముందు రోజు ఇల్లంతా అలికి, ముగ్గేసి, ఆ తర్వాత దొరికిన చిటికెడు దుమ్మును జల్లెడ పట్టి, రాళ్ళేరి తెచ్చింది. ఇంకొకామె, "మా ఇంట్లో దుమ్ము ఉండదు సార్, మా తోడికోడలి ఇంట్లో అయితే కావాల్సినంత," అని ఆ తోడికోడలి దుమ్ము తెచ్చిచ్చింది. "నా దగ్గిర రోగం దాచనోళ్ళు కూడా దుమ్ము దాస్తారప్పా," అని ఆయన నెత్తి కొట్టుకునేవాడు.

మరుసటి వారం అమ్మ పొట్లం తెచ్చింది. కాంట్రాక్టరు తిట్లు తిన్నది ఆ రోజే. పొట్లం తీసుకొని లోపలికి పోయిన సారు కాసేపటికి నన్నొక్కణ్ణే పిలిచాడు. ఒక గాజు పలక మీద పొట్లంలోని దుమ్ము కొంచెం పోశాడు. తర్వాత నా చొక్కా చెయ్యి పట్టుకొని, మడత విప్పి, అందులో పేరుకున్నదాన్ని ఇంకో పలక మీదికి దులిపాడు. రెండింటి మీదా ఒక్కో చుక్క అయోడిన్ వేశాడు. నా చొక్కా మడతలోది నేరేడుపండులాగా నల్లబడింది. పొట్లంలోది పసుపుపచ్చగా అట్లాగే ఉంది.

"సైన్సు చదివినావు కదా. ఏమర్థమైంది?"

"నా చొక్కాలో ఉండేది పిండి సార్."

"నీ చొక్కా మడతల్లో కూడా పిండి ఉండాది. మీ మంచం కింద లేదంట! ఇది మీ ఇంటి దుమ్ము కాదప్పా. ఎవురిదో."

నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ అబద్ధమాడిందా? చర్చిలో పాట ఎత్తుకునే అమ్మ, అరకిలో తూకం అటూ ఇటూ అయితే ఇంటికెళ్ళి పిండి ఇచ్చొచ్చే అమ్మ! అక్కడికక్కడే కడిగేద్దామని బయటికి పోబోయాను. ఆయన నా చొక్కా వదల్లేదు.

"కూర్చో. ఆయమ్మ నాకు భయపడలా, మిషను మూయమంటారని భయపడింది. నువ్వు పోయి అడిగితివనుకో, ఇంగ ఈ మెట్లు ఎక్కదు. నాకు తెలిసినట్టు ఆమెకు తెలీకూడదు. నీకు తెలిసినట్టు అసలుకే తెలీకూడదు. నాకు మాటియ్యి."

ఇచ్చాను. ఆయన బయటికి వచ్చి, రెండు చేతులూ జోడించినంత పని చేసి, "అమ్మా, నీ పొట్లం మీద టీ ఒలకబోసుకుంటి. తప్పు నాది. శనివారం నేనే మీ ఊరికొచ్చి తీసుకుంటాలే," అన్నాడు. అమ్మ మొహంలో రంగు మారడం నేను చూశాను.

చెప్పినట్టే శనివారం ఎర్రబస్సులో దిగాడు. పొద్దంతా మిషను దగ్గర జొన్నల మూట మీద కూర్చున్నాడు. బుడ్డలు తింటూ, వచ్చినవాళ్ళతో మాట్లాడుతూ, అమ్మను చూస్తూ. అమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకొని పని చేస్తోంది. దమ్ము పెద్దగా లేదు. సాయంత్రం మిషను ఆపింది. మరాడించేవాళ్ళందరూ చేసే పనే తనూ చేసింది: వారమంతా చుట్టూ రాలిన పిండిని, దూలాల మీద పేరుకున్నదాన్ని పొరకతో ఊడ్చి గంపకెత్తింది. అన్నం పెట్టే పిండి, పారబొయ్యడానికి చేతులు రావు. ఇంటికి తెచ్చి, జల్లించి, తన మంచం తలాపున ఉండే గోతంలో పోసింది. కోళ్ళకు వేసేందుకు. ఆ గోతం అడుగున ఉండే పిండి ఎన్ని వానాకాలాలు చూసిందో ఎవరికీ తెలియదు.

జల్లెడ రెండు ఊపులు ఊపిందో లేదో అమ్మకు ఎగశ్వాస మొదలైంది. గోడ పట్టుకొని కూర్చుండిపోయింది. సారు గుమ్మంలో నిలబడి చూశాడు. పీల్చే మందు ఇచ్చి, ఆమె తేరుకున్నాక రెండు పొట్లాలు అడిగాడు. ఒకటి మిషను దగ్గరి కొత్త పిండి, ఇంకొకటి గోతం అడుగుది. రెండూ ఆయనే తన చేత్తో ఎత్తుకున్నాడు. అమ్మ కొంగు మెలిపెట్టుకుంటూ నిలబడింది. ఆమె కళ్ళల్లో ఆ రోజు చూసిన భయం నేనింకా మరిచిపోలేదు. మిషను పోతుందన్న భయం.

తర్వాతి వారం చేతి మీద గళ్ళు గీశాడు. రెండు పిండ్లనూ నానబెట్టి, వడగట్టి మందులాగా చేసి పెట్టుకున్నాడు. ఎప్పటిలాగే ముందు తన చేతి మీద గుచ్చుకొని, ఆ తర్వాత అమ్మకు. పావుగంట. అమ్మ కళ్ళు మూసుకొని ప్రార్థన చేసుకుంటోంది. కొత్త పిండి గుచ్చిన చోట ఏమీ లేదు. గోతం పిండి గుచ్చిన చోట పావలా కాసంత దద్దురు.

"చూడమ్మా," అని ఆమెను సూక్ష్మదర్శిని దగ్గరికి పిలిచాడు. గోతం పిండి చూపించాడు. అమ్మ ఒక కన్ను మూసి వంగి చూసి, ఎగిరిపడింది.

"అయ్యో దేవా! ఇవి నడుస్తాండాయి సార్!"

"కంటికి కనపడని పురుగులు. శనివారం రాత్రి జల్లిస్తావు, ఆదివారం దమ్ము. నీ దమ్ము వీటిదే. మిషనుది కాదు. మిషను మూయొద్దమ్మా. ఆ గోతాన్ని మూయి, చాలు."

అమ్మ అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చింది. సారు కిటికీ వైపు తిరిగి స్కేలు తుడుచుకున్నాడు.

రాలిన పిండి ఇక ఇంటికి రాలేదు. ఏ రోజుది ఆ రోజే పక్కింటి బర్రెకు పోయింది. ఆ పురుగులకు ఒళ్ళు అలవాటు పడేందుకు మొదట్లో వారానికో సూది, తర్వాత నెలకొకటి. మూడేళ్ళు పట్టింది. పూర్తిగా పోయిందని చెప్పను, చలికాలంలో ఇప్పటికీ పీల్చే మందు దగ్గరుంచుకుంటుంది. కానీ రెండో ఏడు క్రిస్మస్‌కు అమ్మ ముందు వరసలో నిలబడి పాట ఎత్తుకుంది. ఆ ఏడు సారు మా ఇంటికి వచ్చి, రొట్టె తిని, అమ్మ వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఏదో జోకు వేశాడు. ఆమె నవ్వింది. ఆయన విని, తల ఊపి, మళ్ళీ రొట్టె అడిగాడు.

మొన్న ఆదివారం కోడుమూరులో ప్రార్థన కాగానే అమ్మనూ వెంటబెట్టుకొని కర్నూలు పోయాను. సారు ఫొటోకు దండ ఉంది గాని ఊదుబత్తి లేదు. దాని ముందు గిన్నెలో వేయించిన బుడ్డలున్నాయి.

"ఊదుబత్తి ముట్టిస్తే లేచొచ్చి తిడతాడు," అని ఆయన భార్య నవ్వబోయి, కళ్ళు ఒత్తుకుంది. ఆ వెనక ఒక పెద్ద రేకుపెట్టె తెచ్చి ముందు పెట్టింది. నిండా పొట్లాలు. ఒక్కోదాని మీద ఒక్కో ఊరి పేరు. "వీటినేం చెయ్యాల్నో తెలీదప్పా. పారెయ్యడానికి మనసొప్పడం లేదు."

నేను కూర్చొని ఒక్కో పొట్లమే తిప్పి చూశాను. కోసిగి, నందికొట్కూరు, మళ్ళీ కోసిగి. అడుగున దొరికింది. టీ మరక కూడా లేని పొట్లం. దాని మీద ఆయన చేతిరాత: 'కోడుమూరు, మిషనమ్మ ఇల్లు.' దాన్ని కొట్టేసి, కింద వేరే సిరాతో ఇంకో వరస: 'కాదు. పాస్టరమ్మ ఇల్లు.'

నేను దాన్ని రెండుసార్లు చదివాను. ఇది మా ఇంటిది కాదని ఆయనకు తెలుసు, నాకు చెప్పాడు. కానీ మా చర్చి పాస్టరమ్మ ఇంటిదని ఆయనకెట్లా తెలిసింది? నాకే తెలియదు. పొట్లం జేబులో పెట్టుకున్నాను.

కోడుమూరు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. రోడ్డుకు రెండు వైపులా జొన్న కంకులు. ఊరు దాటాక అడిగింది:

"పాపకు తుమ్ములు ఏ వారం ఎక్కువ?"

నాకు సిగ్గేసింది. నాలుగు పేజీల రిపోర్టు చదివాను గాని అది చూడలేదు. "చూడల్యాదుమ్మా" అని, జేబులోంచి పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాను. అమ్మకు చదువు తక్కువ. కూడబలుక్కొని చదివింది. కొట్టేసిన వరస మీద వేలు పెట్టి రుద్దింది.

"నీకు చెప్పకూడదనుకుంటి," అంది చివరికి. "మిషను పోతాదని భయపడి పాస్టరమ్మ ఇంట్లో ఊడ్చుకోని తెస్తి. ఆయప్ప నా పొట్లం మీద టీ పోసుకుంటినని చేతులు జోడిస్తాంటే నాకు పానం పోయినట్టాయ. దేవునికి మొక్కేటప్పుడల్లా అదే గుర్తొచ్చేది. మూడో సూది నాడు నువ్వు మందులకు కిందికి పోయినప్పుడు చెప్పేస్తి."

"ఏమన్నాడు?"

"'మంచి పని చేసినావులేమ్మా, పాస్టరమ్మ ఇంట్లో పురుగుల్లేవని కూడా తెల్సింది' అన్యాడు. మళ్ళ, 'మీ వానికి మాత్రం చెప్పొద్దు. వానికి నువ్వంటే శానా గొప్ప. అది అట్లే ఉండనీ' అని ఒట్టేపిచ్చుకున్యాడు. పద్నాలుగేండ్లు దాచినా నాయినా."

 అయోడిన్ చుక్క సంగతి, నా చొక్కా మడత సంగతి, నా దగ్గర తీసుకున్న మాట సంగతి మొత్తం చెప్పాను. నేను కూడా పద్నాలుగేళ్ళు దాచానని చెప్పాను.

అమ్మ నా వైపు తిరిగి నోరు తెరుచుకొని చూసింది. "నీకు అప్పుడే తెల్సా? నేను సారుకు చెప్పకముందే తెల్సా?" అని, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. బస్సులో ముందు సీట్లవాళ్ళు తిరిగి చూశారు. ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వుకో ఏడుపుకో నాకు తెలియలేదు, నావి కూడా అట్లాగే ఉన్నాయి.

నవ్వు ఆగినాక ముందు సీటు కమ్మీ మీద తల వాల్చింది. నేను చెవి ఆమె వీపు దగ్గరికి వంచి విన్నాను. పిల్లికూత లేదు. ఎవరికి చెప్పాలో తెలియలేదు.